పిల్లల మెదడులో తెల్ల మచ్చలు: దమ్మపేట వైపు నుంచి ఒక సమీక్ష

దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఊళ్లలో యాభై దాటిన వాళ్లను కుక్కకాటు గురించి కదిపితే మొదట వచ్చే మాట బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. కరిచిన కుక్క రంగు మర్చిపోయిన వాళ్లు కూడా ఆ సూదుల్ని మర్చిపోలేదు. వాటిలో ఎక్కించింది ఏమిటో తెలిసిన వాళ్లు మాత్రం తక్కువ. అది గొర్రె మెదడు. రేబిస్ వైరస్ సోకించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో వైరస్‌ను చంపి, ఆ ద్రావణాన్ని పొట్ట చర్మం కింద ఎక్కించేవారు. 1911 ప్రాంతంలో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పద్ధతి అది. చవక, దేశంలోనే తయారవుతుంది. అందుకని తొంభై ఏళ్లకు పైగా నడిచింది. 2004-05 నాటికి గానీ మన దేశంలో దాని తయారీ ఆగలేదు.

ఆ టీకా లక్షల ప్రాణాలు కాపాడింది. కొందరిని పడగొట్టింది కూడా. సూదులు నడుస్తుండగానో, అయిపోయిన కొద్ది రోజులకో కాళ్లు చచ్చుబడటం, మూత్రం బిగుసుకుపోవడం, మగత, ఫిట్స్. కొన్ని లెక్కల్లో కొన్ని వందల మందిలో ఒకరికి, మరికొన్నింటిలో కొన్ని వేల మందిలో ఒకరికి ఇలా జరిగింది. ఊళ్లో దాన్ని కుక్క విషం ఎక్కిందనుకునేవారు. జరిగింది వేరు. ఎక్కించిన గొర్రె మెదడును పరాయిదిగా గుర్తించిన శరీరం, దాన్ని పోలిన తన మెదడు మీదే తిరగబడింది. 1930లలో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందం కోతులకు కుందేలు మెదడు రసాన్ని పదేపదే ఎక్కించి సరిగ్గా ఇదే జబ్బును పుట్టించింది. అప్పటికే తెలిసిన ఆ సంగతిని పక్కన పెట్టి మన పొట్టల మీద మరో డెబ్భై ఏళ్లు సూదులు గుచ్చారు. పేదల టీకా కాబట్టి అంత కాలం నడిచిందని నా అనుమానం.

పిల్లల మెదడు చిత్రాల గురించి రాస్తూ కుక్కకాటుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా పనిచేసిన జె.ఎం.కె. మూర్తి, సెంపుల్ టీకా తర్వాత మెదడువాపు వచ్చిన రోగుల ఎంఆర్‌ఐ చిత్రాల మీద 1998లో న్యూరోరేడియాలజీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మరుసటి ఏడాది ఆయనా, యంగల, మీనా, జగన్మోహన్ రెడ్డీ కలిసి ఇదే జబ్బు మీద దక్షిణ భారతం నుంచి రోగ లక్షణాలనూ చిత్రాలనూ కలిపి చూసిన అధ్యయనం వెలువరించారు. పిల్లలకే పరిమితమైన పనులు కావవి. వాటి విలువ మరోచోట ఉంది. మామూలుగా ఈ జబ్బు ఎందుకొచ్చిందో, ఏ రోజున మొదలైందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. సూది తర్వాత వచ్చిన దానికి కారణం తెలుసు, తేదీ తెలుసు. కారణమూ తేదీ తెలిసిన జబ్బు చిత్రంలో ఎలా ఉంటుందో చూపించే అరుదైన అవకాశం అది. ఆ జబ్బు పేరు అక్యూట్ డిస్సెమినేటెడ్ ఎన్‌సెఫలోమైలైటిస్. వైద్యులు పొట్టిగా ఎడెమ్ అంటారు. టీకా పోయింది, జబ్బు పోలేదు. ఈ రోజుల్లో ఎడెమ్ ఎక్కువగా జలుబో జ్వరమో వచ్చి తగ్గిన పిల్లల్లో కనబడుతుంది.

నరాల పోగుల చుట్టూ మయెలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా పరుగెత్తేది దాని వల్లే. రోగనిరోధక వ్యవస్థ దారితప్పి ఈ పొరను తినేసే జబ్బులన్నిటినీ కలిపి వాపుతో కూడిన డీమయెలినేటింగ్ జబ్బులంటారు. పిల్లల్లో ఇవి ప్రధానంగా నాలుగు: ఎడెమ్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే ఎంఎస్, న్యూరోమయెలైటిస్ ఆప్టికా అనే ఎన్‌ఎంఓ, ఈ మధ్య వేరుపడిన మాగ్ జబ్బు. ఒకదానికీ మరొకదానికీ చికిత్స వేరు, భవిష్యత్తు వేరు. ఎడెమ్ అయితే చాలామంది పిల్లలు ఒక్కసారితో బయటపడతారు. ఎంఎస్ అయితే జీవితాంతం మందులు. ఈ రెంటి మధ్య తేడా తేల్చమని తల్లిదండ్రులు అడిగేది స్కానింగునే. ఒక్క స్కానింగు ఆ పని చేయగలదా అన్నదే గత పాతికేళ్లుగా ఈ రంగంలో నడుస్తున్న వాదన సారాంశం.

అసలు ఆ యంత్రం చూసేది ఏమిటి? ఎంఆర్‌ఐ మయెలిన్‌ను నేరుగా చూడదు, నీళ్లను చూస్తుంది. నీటి అణువుల్లోని హైడ్రోజన్ అయస్కాంత క్షేత్రంలో ఎలా స్పందిస్తుందో కొలిచి చిత్రం కడుతుంది. వాపు వచ్చిన చోట నీరు చేరుతుంది. టీ2 అనే పద్ధతిలో తీసిన చిత్రంలో ఆ చోటు తెల్లగా కనబడుతుంది. మెదడు గదుల్లోని ద్రవం కూడా తెల్లగానే ఉంటుంది గనుక దాన్ని నల్లగా మార్చి, పక్కనున్న మచ్చలు బయటపడేలా చేసే పద్ధతి ఫ్లెయిర్. టీ1లో నల్లగా కనబడే మచ్చ ఆరకపోతే అక్కడ కణజాలం బాగా నష్టపోయిందని అర్థం. గాడోలినియం అనే మందు ఎక్కించాక వెలిగే మచ్చ తాజాది, రక్తానికీ మెదడుకీ మధ్య అడ్డుగోడ అక్కడ తెరుచుకుని ఉందన్న మాట. వీటిలో ఏదీ జబ్బు పేరు చెప్పదు. తెల్ల మచ్చ చెప్పేది ఇక్కడ నీరు ఎక్కువైందని మాత్రమే. వైరస్, రక్తం అందకపోవడం, పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు, కంతులు అన్నీ అదే తెలుపును చూపిస్తాయి. రిపోర్టులో డీమయెలినేషన్ అన్న మాట చదవగానే జబ్బు తేలిపోయిందనుకోవడం అందుకే తప్పు. అది చదివిన వారి అంచనా.

పైగా పిల్లల మెదడు పెద్దల మెదడుకు చిన్న నకలు కాదు. పుట్టినప్పుడు మయెలిన్ చాలా చోట్ల ఇంకా ఏర్పడి ఉండదు. మొదటి రెండేళ్లలో నెలనెలా చిత్రం మారిపోతుంది. మెదడు గదుల వెనక మూలల దగ్గర కొంత తెలుపు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మామూలుగానే మిగిలి ఉంటుంది. పెద్దల స్కాన్లు మాత్రమే చూసే చోట దాన్ని జబ్బుగా రాసేయడానికి ఆస్కారం ఉంది. పిల్లల మెదడు చిత్రాన్ని పిల్లల చిత్రాలు చదివే అలవాటున్న వాళ్లే చదవాలని పట్టుబట్టడం దుబారా కాదు.

ఎడెమ్ చిత్రం ఎలా ఉంటుందంటే, పగిలిన పత్తికాయలోంచి ఉబికిన దూది లాంటి తెలుపు. అంచులు తెలియవు. ఒక్కొక్కటీ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు మించి ఉంటుంది. రెండు వైపులా ఉంటుంది గానీ అద్దంలో బొమ్మలా సరిసమానంగా ఉండదు. తెల్ల పదార్థంలో ఎక్కువ, లోపల థాలమస్ వంటి బూడిద పదార్థంలోనూ తరచుగా కనబడుతుంది. వెన్నుపాము కూడా వాయవచ్చు. టీ1లో నల్ల మచ్చలు అరుదు. 1999 నాటి నిమ్స్ అధ్యయనం, 2000లో లండన్ నుంచి 48 మంది పిల్లల మీద డేల్ బృందం రాసినది, 2002లో బ్యూనస్ ఎయిరిస్ నుంచి 84 మంది పిల్లల మీద టెనెంబామ్ బృందం రాసినది, ఇవన్నీ కలిసి ఈ బొమ్మను గీశాయి. మూడు ఖండాల్లో వేర్వేరు ఆసుపత్రులు, దాదాపు ఒకే కాలం. పెద్ద ఆసుపత్రుల్లోకి ఎంఆర్‌ఐ యంత్రాలు దిగుతున్న రోజులు కావడం దీనికొక కారణం.

బొమ్మ గీశారు గానీ పేర్లు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు వాడారు. 2007లో అంతర్జాతీయ పిల్లల ఎంఎస్ అధ్యయన బృందం కూర్చుని నిర్వచనాలు రాసింది, 2013లో సవరించింది. వాటిలో రెండు షరతులు ముఖ్యం. మొదటిది, ఎడెమ్ అనాలంటే బిడ్డలో మగతో ప్రవర్తనలో మార్పో ఉండాలి, అది జ్వరం వల్ల వచ్చినది కాకూడదు. అంటే చిత్రం ఎంత అచ్చంగా ఎడెమ్‌లా ఉన్నా, బిడ్డ చక్కగా మాట్లాడుతుంటే ఆ పేరు పెట్టకూడదు. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది: జబ్బు మొదలై మూడు నెలలు దాటాక కొత్త లక్షణాలు గానీ, ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు గానీ రాకూడదు. కాస్త ఆగి ఆలోచిస్తే దీని అర్థం తేటపడుతుంది. మొదటి స్కాన్ చూసి రాసే ఎడెమ్ ఏదైనా తాత్కాలికమే. ఆ పేరు ఖాయం కావాలంటే కాలం గడవాలి, బిడ్డ మళ్లీ రావాలి.

ఎంఎస్ వైపు చూస్తే అక్కడి మచ్చలు చిన్నవి, అంచులు తేటగా ఉంటాయి. మెదడు గదుల గోడలకు అడ్డంగా నిలబడ్డ కోలమచ్చలను డాసన్ వేళ్లంటారు. ఎంఎస్ ఉన్న వాళ్లలో పద్దెనిమిదేళ్లలోపు మొదలయ్యేది నూటికి ఐదుగురిలో లేదా అంతకంటే తక్కువ మందిలో. పెద్దల కోసం 2001లో రాసి, 2005, 2010, 2017లో మార్చుకుంటూ వచ్చిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలను పిల్లలకు ఎంతవరకు వాడవచ్చన్నది చాలాకాలం తగువు. పదకొండు దాటిన పిల్లల్లో అవి బాగానే పనిచేస్తాయి. అంతకంటే చిన్నవాళ్లలో, ముఖ్యంగా ఎడెమ్‌లా మొదలైన వాళ్లలో తొందరపడకూడదని 2017 ప్రమాణాలే హెచ్చరించాయి. పిల్లల కోసం విడిగా తయారైన వాటిలో వాడుకకు సులువైనవి 2009లో కెనడా నుంచి వచ్చిన కాలెన్ ప్రమాణాలు. రెండు వైపులా పరుచుకున్న తీరు లేకపోవడం, టీ1లో నల్ల మచ్చలు ఉండటం, మెదడు గదుల పక్కన రెండో అంతకంటే ఎక్కువో మచ్చలు ఉండటం. ఈ మూడింటిలో రెండు ఉంటే మొగ్గు ఎంఎస్ వైపు. అదే కెనడాలో 302 మంది పిల్లలను మొదటి దాడి నుంచీ వెంబడించి 2011లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రచురించిన అధ్యయనంలో 63 మందికి, అంటే నూటికి 21 మందికి, ఎంఎస్ తేలింది. మిగతా వాళ్లకు తేలలేదు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఎంఎస్ ఎక్కువగా ఉన్న చలిదేశాల్లో పుట్టిన ప్రమాణాలివి. అక్కడి ప్రశ్న ఇది ఎడెమా, ఎంఎస్సా అని. మన అడవి అంచు ఊళ్లలో ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ మధ్య ఆట మొత్తాన్ని మార్చింది ఒక రక్తపరీక్ష. మయెలిన్ పొర బయటి అంచున ఉండే మాగ్ అనే ప్రొటీన్ మీద కొందరి రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. పాత పరీక్షలు ఈ యాంటీబాడీలను ఆరోగ్యవంతుల్లోనూ చూపించి పరిశోధకులను తికమక పెట్టాయి. సజీవ కణాల మీద ఆ ప్రొటీన్‌ను దాని సహజ ఆకారంలో నిలబెట్టి చూసే కణ ఆధారిత పరీక్షలు స్థిరపడ్డాక మబ్బు విడిపోయింది. డీమయెలినేటింగ్ జబ్బుతో వచ్చే పిల్లల్లో దాదాపు మూడో వంతు మందిలో, ఎడెమ్ పిల్లల్లో సుమారు సగం మందిలో ఈ యాంటీబాడీ ఉంది. ఎంఎస్ పిల్లల్లో దాదాపు లేదు. అంటే ఇన్నాళ్లూ ఎడెమ్ అన్న ఒకే పెట్టెలో వేసినవి ఒకే జబ్బు కావు. 2023లో బాన్‌వెల్ నాయకత్వాన అంతర్జాతీయ బృందం మాగ్ జబ్బుకు విడిగా ప్రమాణాలు ప్రకటించింది. యాంటీబాడీ బలంగా ఉంటే సరే. బలహీనంగా ఉంటే దానికి తోడు లక్షణాల్లోనో చిత్రంలోనో సాక్ష్యం కావాలన్నది అందులో ముఖ్యమైన మెలిక. రక్తపరీక్ష రాగానే చిత్రం పని అయిపోయిందని అనుకున్నవాళ్లకు అదొక సమాధానం.

మాగ్ చిత్రానికి తనదైన చిరునామా ఉంది. అంచుల్లేని పెద్ద మచ్చలు, థాలమస్, చిన్నమెదడును మెదడు కాండంతో కలిపే మందపాటి కట్టలు, కంటి నరం ముందు భాగం పొడవునా వాపు, నరం చుట్టూ ఉన్న తొడుగు కూడా వెలగడం. వెన్నుపాము అడ్డకోతలో బూడిద పదార్థం మాత్రమే తెల్లబడి ఇంగ్లీషు హెచ్ అక్షరం గీసినట్టు కనబడుతుంది. కొందరు పిల్లల్లో మచ్చలకు బదులు తెల్ల పదార్థమంతా కలిసిపోయి, పుట్టుకతో వచ్చే ల్యూకోడిస్ట్రోఫీ అని భ్రమ కలిగిస్తుంది. ఇంకొందరిలో తెల్ల పదార్థం శుభ్రంగా ఉండి, ఒక వైపు మెదడు పైపొర మాత్రం ఫ్లెయిర్‌లో తెల్లబడుతుంది, ఫిట్స్ వస్తాయి. ఈ చివరిది 2017 తర్వాతే పుస్తకాల్లోకి ఎక్కింది. అంతకు ముందు ఇలాంటి పిల్లలు వైరస్ మెదడువాపు కిందనో మూర్ఛ కిందనో లెక్కకొచ్చి ఉంటారు.

నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది మాగ్ మచ్చల నడత. మొదటి రోజుల్లో బిడ్డ మంచం పట్టి ఉన్నా ఎంఆర్‌ఐ మామూలుగా రావచ్చు. వారం తర్వాత తీస్తే మెదడంతా తెలుపు. మూడు నెలలకు తీస్తే ఆ మచ్చల్లో చాలావరకు జాడే ఉండకపోవచ్చు. ఎంఎస్ మచ్చలు ఇలా మాయం కావు, కుదించుకుపోయినా గుర్తు మిగులుతుంది. కాబట్టి ఒకే చిత్రంలోని ఆకారం కంటే రెండు చిత్రాల మధ్య జరిగిన మార్పే ఎక్కువ చెబుతుంది. స్టెరాయిడ్ ఇచ్చిన నాలుగో రోజున తీసిన స్కాన్, ఇవ్వక ముందు తీసిన స్కాన్ ఒకటి కావు. తేదీ రాయని చిత్రం సగం చిత్రమే.

ఎన్‌ఎంఓ గురించి తక్కువలో చెప్పవచ్చు. 1894లో ఫ్రాన్సులో యూజీన్ దెవిక్ వర్ణించిన జబ్బు ఇది. 2004లో మేయో క్లినిక్ వాళ్లు దాని యాంటీబాడీని పట్టుకున్నారు. పిల్లల్లో అరుదు, వస్తే మాత్రం కఠినం. కంటి నరం వెనక భాగం, మూడు వెన్నుపూసల పొడవు మించి వెన్నుపాము వాపు దాని గుర్తులు. మెదడు కాండం వెనక వాంతుల కేంద్రం దగ్గర చిన్న తెల్ల చుక్క ఉంటే బిడ్డకు రోజుల తరబడి ఎక్కిళ్లూ వాంతులూ తగ్గవు. అలాంటి బిడ్డను కడుపు డాక్టర్ల చుట్టూ తిప్పడం మామూలు. తగ్గని ఎక్కిళ్లకు తల స్కాన్ తీయించాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి రావాలి.

ఇప్పుడు దమ్మపేట సంగతి. 2016లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచీ ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఒక పక్క పామాయిల్ తోటలు, అప్పారావుపేటలో నూనె ఫ్యాక్టరీ. ఇంకో పక్క కోయ గూడేలు, అడవి. కాస్త దూరంలో ఆంధ్ర సరిహద్దు. ఇక్కడి బిడ్డకు జ్వరం వచ్చి తగ్గి, వారానికి మగతగా మారి, ఫిట్స్ వచ్చి, కాలు ఈడుస్తుంటే మొదటి అనుమానం ఎడెమ్ కాకూడదు. భద్రాచలం మన్యం మలేరియాకు పేరుమోసిన చోటు, అందులోనూ మెదడుకెక్కే ఫాల్సిపారం మలేరియాకు. రక్తపు చుక్క పరీక్ష అన్నిటికంటే ముందు జరగాలి, దానికి స్కానింగు అక్కర్లేదు. తర్వాత జపనీస్ మెదడువాపు. 1955లో మన దేశంలో మొదట వేలూరు ప్రాంతంలో గుర్తించిన ఈ వైరస్ ప్రధానంగా థాలమస్‌లను పడుతుంది, రెండు వైపులా. ఎడెమ్ కూడా థాలమస్‌ను పట్టగలదు గనుక చిత్రం ఒక్కటే చూసి తేల్చడం కత్తిమీద సాము. వెన్నునీరు తీసి పంపితేనే తేలుతుంది. టీబీ మెదడుపొర వాపు మరోటి. దాన్ని గుర్తించకుండా ఎడెమ్ అనుకుని ఒట్టి స్టెరాయిడ్ మొదలుపెడితే వచ్చే ముప్పు పెద్దది. హెర్పిస్ మెదడువాపు కణతల వెనక భాగాన్ని పడుతుంది, దానికి మందు ఉంది, ఆలస్యం చేయకూడదు. అందుకే పెద్దాసుపత్రుల్లో పరీక్షలు తేలేదాకా అసైక్లోవిర్, యాంటీబయాటిక్ కలిపి నడుపుతారు. ఇది తెలియనితనం కాదు, జాగ్రత్త.

తెలుగు నేల మీద చిత్రాల తగువు ఎంత దూరం పోగలదో 2003 చూపించింది. ఆ ఏడాది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు జ్వరం, ఫిట్స్‌తో గంటల్లో చనిపోసాగారు. లెక్కకొచ్చిన 329 మందిలో 183 మంది పోయారు. పుణె వైరాలజీ సంస్థతో కలిసి చేసిన పరిశోధన అది చండీపురా వైరస్ మెదడువాపు అని 2004లో లాన్సెట్‌లో చెప్పింది. హైదరాబాద్ పిల్లల వైద్యులు కొందరు అది మెదడువాపు తీరులో లేదని, మెదడు రక్తనాళాల మీద హఠాత్తుగా జరిగిన దాడి అని వాదించారు. మెదడు చిత్రాలు కూడా వారి ఆధారాల్లో ఒకటి. ఎవరు ఎంతవరకు ఒప్పో ఇక్కడ తేల్చనక్కర్లేదు. ఒకే తెలుపును ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదవగలరన్నది గుర్తుంటే చాలు.

దమ్మపేటలో ఎంఆర్‌ఐ లేదు. బిడ్డ ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత సర్కారు ఆసుపత్రికి, అక్కణ్నుంచి సత్తుపల్లికో కొత్తగూడేనికో పోతుంది. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఖమ్మం, మూడు వందల కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్. కొందరు సరిహద్దు దాటి రాజమండ్రికో విజయవాడకో పోతారు. దారిలో ఎక్కడో ఒకచోట సీటీ తీస్తారు, ఎందుకంటే అది దొరుకుతుంది, నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, నీరు పట్టడం, గడ్డలు చూడటానికి సీటీ మంచిదే. ఎడెమ్‌లో మాత్రం సీటీ తరచుగా మామూలుగా వస్తుంది. తలకాయ స్కానింగులో ఏమీ లేదట అన్న ఒక్క మాటతో ఇంటికి తిరిగొచ్చిన బిడ్డకు పోయేది విలువైన వారం.

ఎంఆర్‌ఐ గదిలో కష్టాలు వేరు. అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి. ఐదారేళ్లలోపు పిల్లలకు మత్తు తప్పదు. అప్పటికే మగతగా ఉన్న బిడ్డకు ఇంకా మత్తు ఇస్తే ఊపిరి మందగించవచ్చు, కాబట్టి పక్కన మత్తుడాక్టరు ఉండాలి. అనుభవమున్న టెక్నీషియన్లు ముందు ఫ్లెయిర్, టీ2 తీసేసుకుంటారు. బిడ్డ మధ్యలో లేచినా అసలు సరుకు చేతిలో ఉంటుంది. తలతో పాటు వెన్నుపామునూ, చూపు తగ్గితే కంటి నరాలనూ అదే మత్తులో తీయించడం మంచిది. రెండోసారి మత్తు, రెండోసారి ప్రయాణం తప్పుతాయి. చీటీలో ఒట్టి తల ఎంఆర్‌ఐ అని రాసి పంపితే తలే తీస్తారు, వాళ్ల తప్పేం లేదు.

గాడోలినియం మీద పదేళ్లుగా జాగ్రత్త పెరిగింది. పదేపదే ఎక్కించుకున్న వాళ్ల మెదడు లోపలి భాగాల్లో ఈ లోహం పేరుకుంటోందని 2014లో జపాన్ నుంచి కాండా బృందం చూపింది. దానివల్ల హాని జరిగిందని రుజువు కాలేదు గానీ, 2017లో యూరప్ కొన్ని రకాల గాడోలినియం మందులను చాలావరకు పక్కన పెట్టింది. ముందు అరవై డెబ్భై ఏళ్ల జీవితం ఉన్న పిల్లల విషయంలో పొదుపుగా వాడటమే మేలు. మొదటి స్కాన్‌లో దాని అవసరం ఉంటుంది, తర్వాతి వాటిలో చాలాసార్లు ఉండదు. అమెరికాలో హ్యూస్టన్‌లో ఎంఎస్ ఎంఆర్‌ఐ మీద దశాబ్దాల పాటు పనిచేసిన పొన్నాడ ఎ. నారాయణ బృందం, గాడోలినియం ఎక్కించకుండా తీసిన చిత్రాల నుంచే ఏ మచ్చ వెలిగేదో కంప్యూటర్ చేత ఊహింపజేసే ప్రయత్నాన్ని 2020లో రేడియాలజీ పత్రికలో ప్రకటించింది. అది పెద్దల చిత్రాల మీద జరిగిన పని. పిల్లల దాకా రావడానికి ఇంకా దూరముంది.

చికిత్స ఈ వ్యాసం విషయం కాదు గానీ ఒక ముక్క అవసరం. అంటురోగాలు లేవని తేలాక మెథైల్‌ప్రెడ్నిసొలోన్ సెలైన్ ద్వారా మూడు నుంచి ఐదు రోజులు, తర్వాత కొన్ని వారాలు మాత్రలు తగ్గించుకుంటూ పోవడం. దానికి లొంగకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదా ప్లాస్మా మార్పిడి. చాలామంది పిల్లలు ఆశ్చర్యపోయేంత త్వరగా కోలుకుంటారు. వచ్చిన చిక్కల్లా అక్కడే. మంచం మీద మోసుకెళ్లిన బిడ్డ నడిచి ఇంటికొచ్చాక, మూడు నెలలకు మళ్లీ స్కాన్‌కు రమ్మంటే ఎవరొస్తారు? కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడు మనిషి, మళ్లీ మత్తు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల ఆసరా ఎక్కువగా ఆసుపత్రిలో చేరి ఉన్న రోజులకే. బాగున్న బిడ్డకు తీసే రెండో స్కాన్ ఖర్చు సాధారణంగా ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. అలా ఎడెమ్ నిర్వచనంలోని అతి ముఖ్యమైన షరతు దమ్మపేట లాంటి చోట అసలు పరీక్షకే రాదు. మొదటి చీటీ మీది తాత్కాలిక పేరే శాశ్వతమైపోతుంది. ఏడాది తర్వాత చూపు తగ్గి ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరుకు చూపిస్తే, పాత సంగతి దానితో ముడిపడదు.

రెండో స్కాన్ ఎందుకన్నదానికి ఈ మధ్య మరో కారణం చేరింది. కెనడా పరిశోధకులు డీమయెలినేటింగ్ జబ్బులొచ్చిన పిల్లల మెదళ్ల పరిమాణాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. పిల్లల మెదడు పెరుగుతూ ఉండాలి. ఎంఎస్ పిల్లల్లో ఆ పెరుగుదల తోటివాళ్ల కంటే మందగించింది, థాలమస్ ముఖ్యంగా చిన్నబడింది. అది ఊహించదగ్గదే. ఒక్కసారి వచ్చి పోయిన జబ్బున్న పిల్లల్లో కూడా, మచ్చలు మాయమయ్యాక సైతం, పెరుగుదల కొంత వెనకబడటమే ఆలోచించవలసిన విషయం. కాలూ చెయ్యీ బాగున్న పిల్లవాడు బడిలో వెనకబడితే మాస్టారు బద్ధకం అంటారు, తండ్రి అల్లరి అంటాడు. రెండేళ్ల కిందటి మెదడువాపు ఎవరికీ గుర్తుకు రాదు.

2024లో సవరించి 2025లో ప్రచురించిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు మచ్చల కోసం వెతికే నాలుగు చోట్లకు కంటి నరాన్ని అయిదో చోటుగా చేర్చాయి. మచ్చ మధ్యలోంచి పోయే సన్నని సిరను, మచ్చ అంచున ఇనుము పేరుకున్న వలయాన్ని కూడా సాక్ష్యాలుగా ఒప్పుకున్నాయి. చిన్నపిల్లల్లో మాగ్ పరీక్ష చేయించమనీ గట్టిగా చెప్పాయి. శాస్త్రంగా ఇది ముందడుగే. కానీ ఆ సిర, ఆ వలయం కనబడాలంటే ప్రత్యేక పద్ధతులు కావాలి, మంచి యంత్రం కావాలి, వాటిని చదివే కళ్లు కావాలి. ఖమ్మం దాకా అవి రావడానికి ఎంత కాలమో. రక్తం సంగతి అలా కాదు. చిన్న సీసాలో సీరం చల్లగా ప్రయాణం చేయగలదు, బిడ్డ చేయనక్కర్లేదు. మంగళూరులో లేఖా పండిట్ బృందం డీమయెలినేటింగ్ జబ్బుల రిజిస్ట్రీ నడుపుతూ ఇలాంటి యాంటీబాడీ పరీక్షలను మన దేశంలోనే నిలబెట్టింది. కాబట్టి అడవి అంచు బిడ్డకు నేను వేసే వరుస ఇది. మలేరియా, టీబీ, వైరస్‌ల లెక్క తేల్చడం మొదట. స్టెరాయిడ్, ప్లాస్మా మార్పిడి మొదలుకాక ముందే మాగ్ కోసం రక్తం తీసి దాచడం తర్వాత. ఆపైన ఒకే మత్తులో తల, వెన్ను, కళ్లు కలిపి మామూలు యంత్రం మీదనే శుభ్రంగా తీసిన ఎంఆర్‌ఐ. ఖరీదైన యంత్రం కోసం హైదరాబాద్ పరుగెత్తడం కంటే, ఆ ఖర్చును మూడు నెలల తర్వాతి రెండో స్కాన్‌కు దాచడం మేలని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని నిపుణులు ఉంటారు.

కోయ గూడెం నుంచి వచ్చిన తల్లికి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వలస వచ్చి తెలుగు అంతగా రాని కుటుంబాలకు, జ్వరం ఏ రోజు మొదలైంది, మగత ఏ రోజు అన్నవి ఓపిగ్గా అడిగి రాసుకునే మనిషి కావాలి. సంతరోజునో, పండగనో ఆనవాలు పట్టుకుని లెక్క కట్టవచ్చు. స్కాన్ చీటీ మీద ఆ రెండు తేదీలు, స్టెరాయిడ్ మొదలైన తేదీ రాసి ఉంటే చిత్రం చదివేవారి పని సగం తేలికవుతుంది. ఇంటికి పంపేటప్పుడు ఫిల్మ్ ఇస్తారు. దాని మీద వరుసగా చిన్నచిన్న బొమ్మలుంటాయి, పూరింట్లో ఒక వానాకాలానికే అంటుకుపోతాయి. యంత్రం తీసిన వందల చిత్రాలూ పూర్తిగా ఉండేది సీడీలో. అది అడిగి తీసుకోవాలి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో ఆశా కార్యకర్త దగ్గరో బడి మాస్టారి దగ్గరో ఉంచినా నష్టం లేదు. మూడు నెలలకు తీసినా, మూడేళ్లకు తీసినా, రెండో స్కాన్ చదివే డాక్టరు మొదట అడిగేది పాత చిత్రాలనే.